ల్యాప్ స్టీల్ గిటార్‌కు వాల్యూమ్, టోన్ పాట్‌లు, కెపాసిటర్: ఏవి వేయాలి?

పడవరేవు (కాకినాడ)

అందరికీ నమస్కారం. నాలుగు నెలలుగా ఆదివారాలు కూర్చుని ఆరు తీగల ల్యాప్ స్టీల్ గిటార్ (ఒడిలో పెట్టుకుని, తీగల మీద బార్ అనే ఉక్కు కడ్డీని జార్చి వాయించేది) ఒకటి తయారుచేసుకున్నాను. మా మేనమామ ఒకప్పుడు ఆర్కెస్ట్రాలో హవాయన్ గిటార్ వాయించేవారు. ఆయన ఇంట్లో మూలన పడి ఉన్న పాత టేకు తలుపు చెక్కనే దీనికి ఒళ్లుగా వాడాను. తీగ పొడవు 22.5 అంగుళాలు, శ్రుతి సి6, అంటే కింది నుంచి సి, ఇ, జి, ఎ, సి, ఇ. తీగల కదలికను విద్యుత్ సంకేతంగా మార్చే సింగిల్ కాయిల్ పికప్ ఒకటే ఉంది. మల్టీమీటర్ పెడితే 6.4 కిలోఓమ్‌లు చూపిస్తోంది.

చెక్కపనిలో ఇబ్బంది రాలేదు, వైరింగ్ దగ్గర వచ్చింది. మా ఊళ్లో దుకాణానికి వెళ్లి గిటార్‌కు రెండు వాల్యూమ్ కంట్రోళ్లు (పాట్‌లు, అంటే నాబ్ తిప్పితే నిరోధం మారే భాగాలు) కావాలని అడిగితే, ఆయన డబ్బాలో చెయ్యి పెట్టి ఏవి దొరికితే అవి తీసి ఇచ్చారు. ఇంటికి వచ్చి చూస్తే వాటి మీద బి100కె అని ఉంది. ఉన్నవాటితోనే కానిద్దామని టంకం వేసేశాను. శబ్దం వస్తోంది గాని, తీగల మీద దుప్పటి కప్పి వాయించినట్టుంది. పికప్‌ను నేరుగా జాక్‌కు కలిపితే మాత్రం చెవులు గింగురుమనేంత ట్రెబుల్ వస్తోంది, బార్ తీగల మీద జారే గరగర కూడా అందులో స్పష్టంగా వినబడుతోంది. నాకు ఈ రెండింటికీ మధ్యది కావాలి.

వాల్యూమ్‌కు 250కె వేయాలా, 500కె వేయాలా? తిప్పుతుంటే మొదట నెమ్మదిగా, చివర్లో వేగంగా మారే లాగ్ రకమా, మొత్తం ఒకే వేగంతో మారే లీనియర్ రకమా? టోన్‌కు 0.022, 0.047, 0.1 మైక్రోఫారడ్ అని మూడు విలువలు కనబడుతున్నాయి, వీటిలో ఏది మంచిది? విదేశాల నుంచి తెప్పించే ఖరీదైన కెపాసిటర్ల వల్ల నిజంగా తేడా ఉంటుందా? అనుభవం ఉన్నవారు చెప్పగలరు.

కోఠి రేడియో

పడవరేవు గారూ, మీ దుప్పటి ఎక్కడి నుంచి వచ్చిందో మీరే రాశారు. బి100కె అంటే 100 కిలోఓమ్‌ల లీనియర్ పాట్. అది టేప్ రికార్డర్లకు, యాంప్లిఫయర్ బోర్డులకు సరిపోయే విలువ, గిటార్ పికప్‌కు చాలా తక్కువ. వాల్యూమ్ పాట్‌ను పూర్తిగా తెరిచి ఉంచినా దాని నిరోధం మొత్తం పికప్‌కూ ఎర్త్‌కూ మధ్యన భారంగా నిలిచే ఉంటుంది. టోన్ పాట్ కూడా అంతే, పూర్తిగా తెరిచినా ఆ భారంలో తన వంతు కలుపుతుంది. రెండు 100కెలు పక్కపక్కన ఉంటే పికప్ మోయవలసింది 50 కిలోఓమ్‌లు. ముందుగా చచ్చిపోయేది ట్రెబులే.

నేను ముప్ఫై ఏళ్లకు పైగా కోఠి గుజరాతీ గల్లీ చుట్టుపక్కల రేడియోలు, యాంప్లిఫయర్లు బాగుచేసినవాణ్ణి, గిటార్ వాయించడం రాదు. అయినా ఒక్క మాట చెప్పగలను. మన బజార్లలో 250కె, 500కె అని అడిగితే చాలాచోట్ల లేవంటారు, 220కె, 470కె అని అడిగితే ఇస్తారు. రెండూ ఒకటే అనుకోండి. పాట్‌ల విలువలో ఇరవై శాతం అటూ ఇటూ ఉండడం మామూలు కాబట్టి 500 అని అచ్చు వేసినది 400 ఉండవచ్చు, 600 కూడా ఉండవచ్చు. అందుకే దుకాణానికి మీటరు వెంట తీసుకువెళ్లి, అయిదారు పాట్‌లు బల్ల మీద పెట్టించి, చివరి రెండు కాళ్ల మధ్య కొలిచి ఎంచుకోండి. దుకాణదారు విసుక్కుంటే ఇంకో దుకాణానికి వెళ్లండి.

లాగా, లీనియరా అన్న సంగతి అక్షరాన్ని నమ్మి తేల్చుకోవద్దు. ఎ అంటే లాగ్ అని, బి అంటే లీనియర్ అని ఇప్పుడు ఎక్కువగా వాడుతున్నారు గాని, పాత సరుకులో ఈ గుర్తులు తారుమారుగా ఉంటాయి. ఇరుసును సరిగ్గా సగం తిప్పి, ఎడమ కాలికీ నడిమి కాలికీ మధ్య కొలవండి. మొత్తంలో సగం చూపిస్తే లీనియర్, పదో పదిహేనో శాతం చూపిస్తే లాగ్.

కలిపే పద్ధతి కూడా చెబుతాను. ఇరుసు మీ వైపు, కాళ్లు కిందికి ఉండేలా పట్టుకుంటే, వాల్యూమ్ పాట్‌లో ఎడమ కాలు ఎర్త్‌కు, కుడి కాలు పికప్‌కు, నడిమిది జాక్‌కు వెళ్లాలి. మీరు దీన్ని సరిగానే చేసి ఉంటారు, లేకపోతే నాబ్ ఎదురు తిరిగేది.

మీటరు పెట్టి చూడు

కోఠి రేడియో గారు చెప్పినదానికి అంకెలు జోడిస్తాను. ఇలాంటి సింగిల్ కాయిల్ పికప్‌లలో ఇండక్టెన్స్ సాధారణంగా 2 నుంచి 3 హెన్రీల మధ్య ఉంటుంది, 2.5 అనుకుందాం. నాలుగు మీటర్ల కేబుల్‌లో సుమారు 400 పికోఫారడ్‌ల కెపాసిటెన్స్ ఉంటుంది. కాయిల్ సొంతంగా తెచ్చే 100 కలిపితే 500. ఈ రెండింటి కలయిక వల్ల 4,500 హెర్ట్జ్ దగ్గర ఒక అనునాదం, అంటే అక్కడి ధ్వని మిగతావాటికంటే పెద్దగా వచ్చే శిఖరం, ఏర్పడుతుంది. సింగిల్ కాయిల్‌లో మనకు వినిపించే మెరుపంతా అక్కడే ఉంది. ఆ శిఖరం ఎంత ఎత్తున నిలవాలన్నది పాట్‌ల విలువే నిర్ణయిస్తుంది.

యాంప్లిఫయర్ ఇన్‌పుట్‌ను 1 మెగాఓమ్‌గా తీసుకుని లెక్క వేశాను. రెండు పాట్‌లూ 250కె అయితే శిఖరం దాదాపు 3 డెసిబెల్లు, రెండూ 500కె అయితే 7, రెండూ 1 మెగా అయితే 10కి పైన. మీ రెండు 100కెలతో శిఖరమే లేదు, అక్కడ పల్లం వచ్చింది. వాల్యూమ్ 250కె, టోన్ 500కె వేస్తే సుమారు 5 డెసిబెల్లు వస్తుంది. పికప్‌లోని అయస్కాంతాలు, లోహపు పలక కొంత శక్తిని తినేస్తాయి కనుక నిజంలో ఈ అంకెలన్నీ కాస్త తగ్గుతాయి గాని, వరుస మారదు.

చాలామంది గమనించని విషయం ఇంకొకటి ఉంది. వాల్యూమ్‌ను తగ్గించినప్పుడు పాట్ లోపలి నిరోధం కేబుల్‌తో కలిసి మరో వడపోతగా పనిచేస్తుంది. నడిమి కాలు నిరోధపు సగభాగం మీద ఉన్నప్పుడు 500కె పాట్ 125 కిలోఓమ్‌ల మూలంలా కనిపిస్తుంది, 400 పికోఫారడ్‌ల కేబుల్‌తో అది 3,200 హెర్ట్జ్ పైన ట్రెబుల్‌ను కోసేస్తుంది. 250కె అయితే ఆ కోత 6,400 దగ్గర మొదలవుతుంది. అంటే పూర్తిగా తెరిచి ఉంచినప్పుడు మెరుపు ఎక్కువ ఇచ్చే 500కె పాటే, తగ్గించినప్పుడు మెరుపును త్వరగా పోగొడుతుంది. వాల్యూమ్ నాబ్‌ను కదలకుండా వదిలేసే గిటారిస్టుకు దీనితో పెద్ద పని లేదు. ల్యాప్ స్టీల్‌లో ఆ నాబ్ ఊరికే ఉండదు కదా, అందుకే వాల్యూమ్‌కు 250కె లేదా 220కె వేయమని నా సలహా.

డల్లాస్ స్టీల్

ఆలస్యంగా చూశాను. నేను పన్నెండేళ్లుగా టెక్సాస్‌లో ఉంటున్నాను, ఇక్కడి వెస్టర్న్ స్వింగ్ బృందాలు వాయించేది విని ల్యాప్ స్టీల్ మొదలుపెట్టాను. విలువల సంగతి పై ఇద్దరూ బాగా చెప్పారు. నాకు మాత్రం, ఈ వాద్యంలో పాట్ ఎంత అన్న ప్రశ్న కంటే ముందు, దాన్ని ఏ వేలు తిప్పుతుంది అన్న ప్రశ్న అడగాలి అనిపిస్తుంది.

విద్యుత్ గిటార్‌గా 1932లో అమ్మకానికి వచ్చిన రికెన్‌బాకర్ ఫ్రైయింగ్ పాన్ ఒడిలో పెట్టుకుని వాయించే స్టీల్ గిటారే. పికప్, పాట్, జాక్ అన్న ఏర్పాటు మొదట స్థిరపడింది ఈ వాద్యం మీదే, మెడలో వేలాడదీసుకునే గిటార్లు తరువాత దాన్ని అందుకున్నాయి. జెర్రీ బర్డ్ (1920–2005) వంటి వాద్యకారుల పద్ధతిని గమనిస్తే, కుడిచేతి బొటనవేలు, మరో రెండు వేళ్లు తీగలు మీటుతుంటే చిటికెన వేలు నాబ్ అంచున ఆని ఉంటుంది. తీగ మీటేటప్పుడు వాల్యూమ్ సున్నా దగ్గర ఉంచి, మీటిన వెంటనే చిటికెన వేలితో తెరిస్తే, మీటు దెబ్బ వినిపించదు, స్వరం వయొలిన్ కమానుతో లాగినట్టు లోపలి నుంచి ఉబికి వస్తుంది. టోన్ నాబ్‌ను అలాగే చకచకా తిప్పితే మనిషి నోరు తెరిచి మూసినట్టు ‘బూ–వా’ అని పలుకుతుంది.

అందుచేత నా ఓటు లీనియర్ పాట్‌కు. లాగ్ పాట్ అయితే సున్నా నుంచి మొదలైనప్పుడు మొదటి మూడో వంతు తిప్పుడులో ఏమీ జరగనట్టే ఉంటుంది. చిటికెన వేలికి ఒక్క విసురులో అందేది ఆ మూడో వంతే. నేను మొదట లాగ్ పాట్‌తో ఏడాది వాయించి, ప్రతి స్వరానికీ మణికట్టు తిప్పవలసి వచ్చి, చివరకు లీనియర్‌కు మారాను.

ఇంకొక మాట. చెక్కలో రంధ్రం పెట్టేటప్పుడు నాబ్ ఎక్కడ అందంగా కనబడుతుందో చూసి పెట్టకండి. కుడిచెయ్యి మీటే చోట ఆనించి, చిటికెన వేలు సహజంగా వాలే చోట పెన్సిల్‌తో గుర్తు పెట్టుకోండి.

చిత్రవీణ అభ్యాసి

నేను చెన్నైలో చిత్రవీణ నేర్చుకుంటున్నాను. మన పెద్దలు గోటువాద్యం అని పిలిచే ఈ వాద్యానికి కూడా మెట్లు ఉండవు, తీగల మీద కర్రముక్కనో టెఫ్లాన్ ముక్కనో జార్చి స్వరం పలికిస్తాం. చేతికి సులువుగా ఉంటుందని ఇంట్లో ఒక ల్యాప్ స్టీల్ కూడా పెట్టుకున్నాను. డల్లాస్ స్టీల్ గారి మాట కాదనడం లేదు గాని, నా అవసరం దానికి సరిగ్గా ఎదురుగా ఉంది.

ఒక్క మీటుతో నాలుగైదు స్వరాల గమకం లాగాలి అనుకోండి. తోడిలో గాంధారాన్ని ఊపుతూ పోతే, నాలుగో ఊపుకు వచ్చేసరికి తీగ నీరసపడిపోతుంది. అక్కడ నేను చేసేది ఏమిటంటే, వాల్యూమ్‌ను మొత్తంలో మూడింట రెండు వంతుల దగ్గర పెట్టి మీటి, తీగ శబ్దం తగ్గుతున్న కొద్దీ చిటికెన వేలితో మిగిలిన వంతును నెమ్మదిగా తెరుస్తాను. వినేవారికి శబ్దం తగ్గినట్టే తెలియదు, గమకం చివరి వరకూ ఒకే నిండుతనంతో సాగుతుంది. నేను సున్నా నుంచి ఎప్పుడూ మొదలుపెట్టను, మీటు వినబడాలి, అది లేకపోతే తానం లేదు. ఈ పనికి లాగ్ పాట్ బాగుంది. లీనియర్ వేసి చూసినప్పుడు ఆ చివరి వంతులో శబ్దం పెరిగినట్టే అనిపించలేదు.

పడవరేవు గారు ఏమి వాయించబోతున్నారో చెబితే ఎవరి మాట వినాలో తేలుతుంది.

మీటరు పెట్టి చూడు

పై ఇద్దరూ తమ తమ పనికి సరైన మాటే చెప్పారు. బజారులో దొరికే లాగ్ పాట్ నిజమైన లాగరిథమ్ వక్రం కాదు, రెండు సరళరేఖలను కలిపి అతికించినట్టు ఉంటుంది: మొదటి సగం తిప్పుడులో సున్నా నుంచి 15 శాతం వరకు, రెండో సగంలో 15 నుంచి 100 వరకు. పాట్ మొత్తం సుమారు 300 డిగ్రీలు తిరుగుతుంది.

సున్నా నుంచి మూడో వంతు, అంటే 100 డిగ్రీలు, తెరిచారనుకుందాం. లీనియర్‌లో 33 శాతానికి చేరుకుంటారు, పూర్తి శబ్దం కంటే 9.5 డెసిబెల్లు మాత్రమే తక్కువ. లాగ్‌లో 10 శాతానికే చేరుతారు, 20 డెసిబెల్లు తక్కువ. డల్లాస్ స్టీల్ గారి మణికట్టు నొప్పికి కారణం ఇది. ఇప్పుడు అభ్యాసి గారి పద్ధతిలో, మూడింట రెండు వంతుల నుంచి చివరి దాకా తెరవండి. లీనియర్‌లో పెరుగుదల 3.5 డెసిబెల్లు, చెవికి కొద్దిపాటి మార్పు. లాగ్‌లో సుమారు 7, నీరసపడే తీగను నిలబెట్టడానికి పనికివచ్చే పెరుగుదల.

అదే 100 డిగ్రీలు వేలికి ఎంత దూరమన్నది నాబ్ వ్యాసాన్ని బట్టి ఉంటుంది. చిటికెన వేలు హాయిగా కదిలేది 25 మిల్లీమీటర్లు అనుకుంటే, 30 మిల్లీమీటర్ల నాబ్ 95 డిగ్రీలు తిరుగుతుంది, 20 మిల్లీమీటర్లది 143 డిగ్రీలు తిరుగుతుంది. పాట్ మార్చకుండానే పరిధి సగం మేర పెరిగింది. పెద్ద నాబ్ వేలికి సులువుగా అందుతుందన్నది నిజమే గాని, దాని ధర ఇలా చెల్లిస్తాం.

టోన్ పాట్ విషయంలో వాదన అక్కరలేదు, లాగ్ రకమే వేయాలి. టోన్ మార్పులో మనకు వినబడేదంతా 50 కిలోఓమ్‌ల కింద జరుగుతుంది. 500కె లీనియర్‌లో అది చివరి 30 డిగ్రీలలో ఇరుక్కుపోతుంది, లాగ్‌లో 100 డిగ్రీల మేర పరుచుకుంటుంది. బూ–వా పలకాలంటే ఆ చోటు కావాలి.

ఆరుతీగలు (బెంగళూరు)

ఇంతవరకు కెపాసిటర్ గురించి ఎవరూ మాట్లాడలేదు. నేను స్నేహితుల గిటార్లకు వైరింగ్ మారుస్తుంటాను. నా అనుభవంలో నూనెలో నానబెట్టిన కాగితపు కెపాసిటర్ వేసిన గిటార్లకు ఒక వెచ్చదనం వస్తుంది, సెరామిక్ బిళ్ల వేస్తే గరుకుగా ఉంటుంది. చెక్క, పికప్ మీద ఇంత శ్రమపడిన మనిషి చివర్లో బిళ్ల కెపాసిటర్ వేయడం పెళ్లి భోజనంలో నీళ్ల మజ్జిగ పోసినట్టుంటుంది.

అలాగే వాల్యూమ్ తగ్గించినప్పుడు ట్రెబుల్ పోతుందని పైన చెప్పారు. దానికి మందు ఉంది: వాల్యూమ్ పాట్ కుడి కాలికీ నడిమి కాలికీ మధ్య 0.001 మైక్రోఫారడ్ కెపాసిటర్‌ను, దానికి సమాంతరంగా 150 కిలోఓమ్‌ల రెసిస్టర్‌ను వేస్తే, వాల్యూమ్ ఎంత తగ్గించినా మెరుపు నిలుస్తుంది. దీన్ని ట్రెబుల్ బ్లీడ్ అంటారు. పడవరేవు గారు ఇది తప్పక వేసుకోవాలి.

కోఠి రేడియో

ఆరుతీగలు గారూ, మజ్జిగ పోలిక బాగుంది గాని, నాకు ఒక సందేహం. మీరు విన్న ఆ రెండు కెపాసిటర్ల విలువలు ఒకటేనా, కొలిచారా? బిళ్ల మీద 223 అని ఉంటే 0.022 మైక్రోఫారడ్ అని అర్థం, 473 అంటే 0.047, 104 అంటే 0.1. ఆ అంకె పక్కన కె అక్షరం ఉంటే పది శాతం తేడా, ఎం ఉంటే ఇరవై శాతం. చౌక సెరామిక్ రకాల్లో అంతకన్నా ఎక్కువ తేడా వస్తుంది, అది ఎండకూ చలికీ కూడా మారుతుంది. 0.017 ఉన్నదాన్నీ 0.024 ఉన్నదాన్నీ పోల్చి, తేడా అంతా కాగితానిదీ నూనెదీ అనుకోవడం సులభం.

టోన్ పూర్తిగా తెరిచి ఉన్నప్పుడు కెపాసిటర్‌కు ముందు 500 కిలోఓమ్‌లు అడ్డుగా నిలబడి ఉంటాయి. అప్పుడు అది కాగితమో, పాలియెస్టరో, బిళ్లో పికప్‌కు తెలిసే అవకాశమే లేదు. టోన్ మూసినప్పుడు దాని విలువ వినబడుతుంది.

ఓల్టేజి సంగతి కూడా చెప్పాలి. 600 ఓల్టుల బొద్దు కెపాసిటర్లు వాల్వు యాంప్లిఫయర్లకు పుట్టినవి. పికప్ నుంచి వచ్చేది ఒక ఓల్టు అటూ ఇటూ. 50 ఓల్టులది, 100 ఓల్టులది ధారాళంగా చాలు. మంచి పాలియెస్టర్ కెపాసిటర్‌కు రెండు టీల ఖర్చు కూడా కాదు. సెరామిక్ బిళ్ల వద్దనడానికి ఒక్క న్యాయమైన కారణం ఉంది: కొన్ని రకాలు తడితే మైక్రోఫోన్‌లా పలుకుతాయి. చెక్క మీద చెయ్యి ఆనించి వాయించే వాద్యంలో అది చిరాకు.

పడవరేవు (కాకినాడ)

అందరికీ కృతజ్ఞతలు. అభ్యాసి గారి ప్రశ్నకు జవాబు: నేను వాయించేవి పాత సినిమా పాటలు, కొన్ని కీర్తనలు. మేనమామ పద్ధతిలో మీటు స్పష్టంగా వినబడాలి, సాగదీత చివరి వరకూ నిలవాలి.

వాదనలన్నీ చదివాక నిన్న రాత్రి ఒక పరీక్ష చేశాను. పని మీద హైదరాబాదు వెళ్లినప్పుడు గుజరాతీ గల్లీలో 470కె లాగ్ పాట్‌లు నాలుగు, 220కె లాగ్ రెండు కొని తెచ్చాను. 470 అన్నవి మీటరులో 418, 455, 490, 512 చూపించాయి. 220 అన్నవి 231, 204. మీటరు చూడగానే దుకాణదారు నవ్వి, ముందే తెచ్చుకున్నారన్నమాట అని తానే డబ్బా నా ముందుకు తోశారు.

పాట్‌లను చెక్కలో బిగించకుండా బయటే ఉంచి, క్రొకడైల్ క్లిప్పులతో కెపాసిటర్లను ఒక్కొక్కటిగా తగిలించాను. మా అమ్మాయి గోడవైపు తిరిగి కూర్చుంది. 0.022 అన్నవి మూడు: సెరామిక్ బిళ్ల, పాలియెస్టర్, ఒక స్నేహితుడి దగ్గర అరువు తెచ్చిన ఖరీదైనది. టోన్ తెరిచి వాయిస్తే తను మూడింటినీ ఒకటే అంది. టోన్ మూసి వాయిస్తే బిళ్ల వేరుగా ఉందని పట్టేసింది. కెపాసిటర్లు కొలిచే మీటరు పక్కింటి ఐటీఐ కుర్రాడి దగ్గర తెచ్చి చూస్తే బిళ్ల 0.0168, పాలియెస్టర్ 0.0216, ఖరీదైనది 0.0223. బిళ్లకు సమాంతరంగా ఒక చిన్న 0.0047 కలిపి మళ్లీ వాయించాను. ఈసారి తను పట్టలేకపోయింది.

ఆరుతీగలు (బెంగళూరు)

ఆ చివరి వాక్యం దగ్గర నా వాదన కూలిపోయిందని ఒప్పుకుంటున్నాను. నేను ఏనాడూ కొలవలేదు. అయితే విలువ ఎంత ఉండాలన్న ప్రశ్న మిగిలే ఉంది. 1950లలో ఫెండర్ గిటార్లలో 0.1 వేసేవారు, తరువాతి కాలంలో అది 0.05కూ, ఆపైన 0.022కూ తగ్గింది. వారికి దారి తెలియక మార్చలేదు కదా.

మీటరు పెట్టి చూడు

టోన్ పూర్తిగా మూస్తే కెపాసిటర్ నేరుగా పికప్‌కు అడ్డంగా చేరి, అనునాదాన్ని 4,500 నుంచి కిందికి లాగుతుంది. 0.01 వేస్తే అది సుమారు 1,000 హెర్ట్జ్ దగ్గర, 0.022 వేస్తే 680 దగ్గర, 0.047 వేస్తే 465 దగ్గర, 0.1 వేస్తే 320 దగ్గర ఆగుతుంది. చిన్న విలువల్లో అక్కడ ఒక బుడిపె మిగులుతుంది, 0.022తో అది దాదాపు 4 డెసిబెల్లు. ముక్కుతో పాడినట్టు వినబడే ధ్వని అదే. 0.1కు వచ్చేసరికి బుడిపె పోయి, మసక మాత్రమే మిగులుతుంది.

బూ–వాకు ‘బూ’ ముదురుగా ఉండాలి కాబట్టి 0.047 లేదా 0.1 మంచిది. టోన్‌ను ఒకచోట పెట్టి వదిలేసేవారికి 0.022 సరిపోతుంది.

డల్లాస్ స్టీల్

అంకెలు నా చెవితో ఏకీభవిస్తున్నాయి, నా వాద్యంలో ఉన్నది 0.047.

ట్రెబుల్ బ్లీడ్ గురించి మాత్రం ఆరుతీగలు గారితో విభేదిస్తాను. మెట్ల గిటార్‌కు అది మంచిదే కావచ్చు. స్టీల్‌లో సున్నా నుంచి స్వరాన్ని తెరిచేటప్పుడు, బేస్ రాకముందే ఆ చిన్న కెపాసిటర్ గుండా ట్రెబుల్ దూరి, బార్ గరగరను ముందు పంపిస్తుంది. స్వరం సన్నగా కీచుమంటూ మొదలై తరువాత లావెక్కుతుంది. అది లేకపోతే స్వరం మసకగా మొదలై మెరుపులోకి విచ్చుకుంటుంది, కమాను వాద్యం పలికేది అలాగే. మీటరు గారు లోపమని చెప్పిన ఆ ట్రెబుల్ నష్టాన్ని మేము వరంగా వాడుకుంటాం.

లీనియర్ గురించి నేను చెప్పినది సున్నా నుంచి తెరిచేవారికే వర్తిస్తుందని ఇప్పుడు అర్థమైంది. పడవరేవు గారూ, మీ వాయింపుకు లాగ్ వేయండి.

చిత్రవీణ అభ్యాసి

పాట్ కొనేటప్పుడు ఇంకొకటి చూడండి. ఇరుసు ఎంత బిగువుగా తిరుగుతుంది అన్నది ఏ అచ్చులోనూ ఉండదు. నా మొదటి పాట్ విలువలో సరిగ్గా ఉండి కూడా తేనెలో గరిటె తిప్పినట్టుండేది. గమకం మధ్యలో వేలు దాన్ని కదిపేలోగా స్వరం అయిపోయేది.

కోఠి రేడియో

ఆ బిగువు లోపలి గ్రీజుది. మరీ బిగువైనది కొనవద్దు, కొన్నాక కంగారుపడి కనబడిన నూనె ఏదీ కొట్టవద్దు. కాంటాక్ట్ క్లీనర్ కొద్దిగా పోస్తే గ్రీజు కరిగి వదులవుతుంది గాని, తరువాత మళ్లీ బిగించడం ఎవరి వల్లా కాదు.

పడవరేవు (కాకినాడ)

మరో చిక్కు వచ్చింది. 231 పాట్‌ను వాల్యూమ్‌కు, 455ను టోన్‌కు, 0.047 పాలియెస్టర్‌ను కలిపి బిగించాను. ధ్వని నేను కోరుకున్నట్టే ఉంది. అయితే బార్ తీగల మీద ఉన్నంతసేపూ నిశ్శబ్దంగా ఉండి, చేతులు ఎత్తగానే ‘గుంయ్’ అని హమ్ మొదలవుతోంది. పాట్ చెడిపోయిందా?

కోఠి రేడియో

పాట్ బాగానే ఉంది. తీగలు ఎర్త్‌కు కలిసి ఉన్నాయి కనుక, మీరు ముట్టుకున్నప్పుడు మీ ఒంట్లోని హమ్ ఎర్త్‌లోకి పోతోంది, చేతులు తీయగానే మళ్లీ పికప్‌లోకి దూకుతోంది. పాట్‌లున్న గుంట లోపల రాగి రేకు అతికించి, దాన్ని పాట్ వెనుక భాగానికి టంకం వేయండి. టోన్ పాట్ వెనుక భాగాన్ని కూడా వైరుతో వాల్యూమ్ పాట్‌కు కలపడం మరిచిపోవద్దు, చాలామంది అక్కడే వదిలేస్తారు.

దీనికంటే ముఖ్యమైనది వినండి. ఈ వాద్యంలో ఒక చేత ఉక్కు కడ్డీ, రెండో చేత తీగలు, రెండూ యాంప్లిఫయర్ చాసిస్‌కు కలిసి ఉంటాయి. మీ గోడ సాకెట్‌లో మూడో పిన్ను పేరుకే ఉండి, లోపల ఎర్త్ వైరు లేకపోతే, యాంప్లిఫయర్‌లో ఏ చిన్న లీకేజీ ఉన్నా అది మీ గుండె మీదుగా పోతుంది. పాట్ విలువ తప్పితే శబ్దం మాత్రమే చెడుతుంది. ఎలక్ట్రీషియన్‌ను పిలిచి ఎర్త్ కొలిపించండి, అంతవరకూ ప్లగ్ పెట్టవద్దు.

పడవరేవు (కాకినాడ)

కొలిపించాను. మా హాలు సాకెట్‌లో ఎర్త్ వైరు వెనక్కి మడిచి, టేపు చుట్టి ఉంది. ఇల్లు కట్టి పద్దెనిమిదేళ్లు. కోఠి రేడియో గారికి మా ఇంటావిడ తరఫున ప్రత్యేకంగా నమస్కారాలు.

రాగి రేకు అతికించాక హమ్ మూడు వంతులు తగ్గింది. చిటికెన వేలు వాలే చోట గుర్తు పెట్టి చూస్తే, నేను మొదట రంధ్రం పెట్టిన చోటికి ఆరు సెంటీమీటర్ల ఇవతల పడింది. అందుకని వాల్యూమ్ పాట్‌ను అక్కడికి మార్చి, 20 మిల్లీమీటర్ల నాబ్ వేశాను. నాలుగు ఊపుల వరకు గమకం నిలుస్తోంది, అయిదో ఊపుకు ఇంకా వేలు తడబడుతోంది. మేనమామ వచ్చి ఒక పాట వాయించి, ట్రెబుల్ ఇంకాస్త తగ్గించుకోమని చెప్పి, తానే టోన్‌ను 7 దగ్గర పెట్టి వెళ్లారు. పాత రంధ్రం వృథా పోలేదు, అందులో జాక్ బిగించాను.